పాతబడిన పడవ మోటారు



తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15వ తేదీ మొదలు జూను 14వ తేదీ వఱకు, 61 దినములు, మోటారు పడవలు సముద్రపు వేటకు పోరాదను కట్టుబాటు కలదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమది. ఆ రెండు నెలలలో మనము వలలు బాగుచేసికొందుము; పడవకు రంగు పూసికొందుము. మోటారుకు మాత్రము ఒక గోనెపట్ట కప్పి పాక మూలను నిలుపుదుము. జూను 15 నాటి తెల్లవాఱుజామున దాని త్రాడు లాగుదుము. అది పలుకదు. ఇరువది మార్లు లాగుదుము, ముప్పది మార్లు లాగుదుము. భుజము పడిపోవును గాని మోటారు పలుకదు. అప్పుడు ఇంటి కుఱ్ఱవాడు, "ఇది ముసలిదైపోయింది, కొత్తది కొనేద్దాం" అనును. అప్పు ఎవరియొద్ద తేవలెనను మాట ఆ సాయంకాలమునకే ఊరి పెద్దల అరుగు మీదికి వచ్చును.

ఆ యరుగు మీద కూర్చుండువారు మీరు. కుఱ్ఱవానికి తలయూపుటయో, "ఆగు నాయనా, ముందు చూతము" అనుటయో మీ నోటనున్నది. కావున పానా పట్టు మేస్త్రీతో గాక మీతో ఈ నాలుగు మాటలు చెప్పదలచితిని. మోటారు విప్పుట మీకు రానక్కఱలేదు. ఏమి యడుగవలెనో తెలిసిన చాలును.

నేను చెప్పునది పడవ వెనుకపలకకు బయటనుండి తగిలించెడి మోటారును గుఱించి. ఔట్‌బోర్డు మోటారని దీనికి పేరు. నార్వేలో 1877లో పుట్టి, బాల్యముననే అమెరికాకు తరలిపోయిన ఓలే ఎవిన్‌రూడ్ అను నతడు 1909లో దీనిని అమ్మకమునకు తెచ్చి లోకమున వ్యాపింపజేసెను. ఆతని పేరిటి మోటార్ల తయారీ 2020లో నిలిచిపోయినది. అయినను ఆనాటి మోటారునకు ఏవి ప్రాణాధారములో, మన పాకలోని మోటారునకు నవియే: సిలిండరులో గాలిని ఇఱికించు బిగి, సమయమునకు పడు నిప్పురవ్వ, తగినంత పెట్రోలు, ఒడలు చల్లబఱచు నీరు. ఈ నాలుగింటిలో ఏదో యొకటి తప్పిననే గాని మోటారు ఆగదు. ముసలితనము దానంతట అదియే రోగము కాదు.

మా యూరు గౌతమీ గోదావరి సముద్రమున కలియు మొగకు దగ్గర. మా అన్నగారికి ఒక నావయు, దానికి రెండు సిలిండర్ల మోటారొకటియు కలవు. పెట్రోలులో నూనె కలిపి పోయు పాతరకము. కొన్ననాటికే అది మఱియొకరి చేతిలో వాడుకపడినది. మా యింటికి వచ్చిన పిదప మఱి పదునెనిమిదేండ్లు పనిచేసినది. ఒకయేడు వేట మొదలైన కొలది దినములకే దానికి వింత రోగము పట్టినది. ఒడ్డున నీళ్ల పీపాలో నిలిపి నడపిన చక్కగా నడచును. పాయలో మెల్లగా పోయినను నడచును. మొగ దాటుటకై వేగము పెంచినచో అయిదు నిమిషములలో దాని గొంతు సన్నగిల్లి, రెండు మార్లు దగ్గి, ఆగిపోవును. పది నిమిషములు ఊరకుండి లాగిన మరల ఏమియు ఎఱుగని దానివలె నడచును.

పట్టణములోని ఒక దుకాణమునకు దానిని మోసికొనిపోయిరి. అక్కడివారు ప్లగ్గులు మార్చి, పీపాలో నడిపి చూపి, బాగైనదనిరి. వారమునకే మరల ఆగినది. రెండవమాఱు కాయిలు మార్చిరి. మూడవమాఱు కార్బురేటరు మార్చిరి. ప్రతిమాఱును పీపాలో చక్కగా నడచినది. ప్రతిమాఱును మొగలో ఆగినది. క్రొత్త వలకై వదినగారు దాచిన సొమ్ము ఈ మూడు రాకపోకలతో సరిపోయినది.

నాలుగవమాఱు అది ఆటు వేళ ఆగినది. నది నీరంతయు సముద్రములోనికి లాగుచుండెను. ఎదుట ఇసుకమేట మీద కెరటములు విఱిగి తెల్లగా లేచుచుండెను. నావలో అన్నగారితో ఆయన పెద్దకుమారుడును ఉండెను. వానికప్పటికి పదునైదేండ్లు. తెడ్డు వేసినను నావ వెనుకకు రాలేదు. లంగరు వేసిరి. అది రెండు మార్లు ఇసుకలో జాఱి, మూడవమాఱు పట్టినది. ఆ త్రాటిని నమ్ముకొని, పోటు తిరుగువఱకు, ఆ కెరటముల మ్రోత వినుచు తండ్రికొడుకులు కూర్చుండిరి. చీకటి పడిన తరువాత నావ ఒడ్డు చేరినది. మఱునాడే మోటారును పాతసామానుల వానికి అమ్మి, క్రొత్తదానికై అప్పు చేయుదమని మా యింటిలో నిశ్చయమైనది.

ఆ నిశ్చయమును ఆపినవారు మా పెదనాన్నగారు. ఆయన మోటారు విప్పినవారు కారు. ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు. "ఆగేటప్పుడు టక్కున ఆగిందా, మూలుగుతూ ఆగిందా? ఆగినప్పుడు ఆ రబ్బరు బుడ్డి ఎలా ఉంది?" మొదటిదానికి అన్నగారు సమాధానము చెప్పగలిగిరి. రెండవదానిని అంతవఱకు ఎవరును చూచియుండలేదు.

ఈ ప్రశ్నలలోనే వైద్యమున్నది గనుక కొంత నిలిచి చెప్పెదను. దీపము ఆర్పినట్లు మోటారు ఒక్కసారిగా ఆగినచో తప్పు తఱచుగా నిప్పురవ్వ వైపుననుండును. బలము తగ్గుచు, దగ్గుచు, మూలుగుచు ఆగినచో తఱచుగా పెట్రోలు అందుటలేదని గ్రహింపవలెను. వేడి కమురు వాసన వచ్చి ఆగి, పిమ్మట త్రాడు గట్టిబడి రాకున్నచో నీరు అందక పిస్టను పట్టుకొనినదని భయపడవలెను. మోటారు గొంతెత్తి అఱచుచు పడవ మాత్రము కదలకున్నచో మోటారునకు రోగమే లేదు. క్రింది పంకాకు అడ్డముగా నుండు చిన్న మేకు తెగినది, లేదా పంకా నడుమనున్న రబ్బరు జాఱుచున్నది. పంకా ఱాతికి తగిలినపుడు లోని పండ్ల చక్రములు పగులకుండ ఆ మేకు తానే తెగవలెనని అట్లు మెత్తగా చేసియుందురు. దానికి బదులు ఉక్కు మేకు కొట్టువాడు రూపాయి పొదుపుచేసి గేరుపెట్టెను పోగొట్టుకొనును.

ఇక రబ్బరు బుడ్డి. పెట్రోలు డబ్బానుండి మోటారునకు పోవు గొట్టము నడుమ చేతితో నొక్కుటకు గ్రుడ్డువంటి బుడ్డి యొకటి యుండును. బయలుదేరుటకు ముందు దానిని నొక్కి పెట్రోలు నింపుట మీరెల్లరు చూచినదే. వైద్యుడు చేతినాడిని చూచినట్లు దీనిని చూడవలెను. మోటారు డీలాపడుచుండగా బుడ్డిని నొక్కిన వెంటనే తేరుకొన్నచో, మోటారు లోపలి పెట్రోలు పంపు లాగుటలేదు, లేదా గొట్టములో ఎక్కడనో గాలి చొరబడుచున్నది. పంపులో పలుచని పొర యొకటి యుండును. అది చిఱిగిననో గట్టిపడిననో ఇట్లగును. ఎంత నొక్కినను బుడ్డి గట్టిపడకున్నచో ఎక్కడనో కాఱుచున్నది, లేదా బుడ్డిలోని రెప్పలు పాడైనవి. అట్లుగాక, మోటారు నడచుచుండగా బుడ్డి తనంతట తానే చదునైనచో, మోటారు లాగుచున్నది గాని డబ్బా వైపునుండి పెట్రోలు వచ్చుటలేదు. అప్పుడు మొదట డబ్బా మూతమీది గాలిమఱ తెఱచియున్నదా యని చూడవలెను. అది మూసియున్నచో డబ్బాలోనికి గాలి పోదు. గాలి పోనిది పెట్రోలు రాదు. సముద్రముమీద ఆగిన మోటార్లలో ఈ చిన్న మఱ త్రిప్పుట మఱచినందున ఆగినవి ఎన్నియో!

మఱునాడు పెదనాన్నగారి మాటపై అన్నగారు పాయలో ఏటికి ఎదురుగా, పూర్తి వేగమున, నావ నడిపిరి. కుఱ్ఱవాడు బుడ్డిని కనిపెట్టి కూర్చుండెను. నాలుగు నిమిషములకు అది రసము చీకిన మామిడిపండువలె ముడిగిపోయినది. వెనువెంటనే మోటారు దగ్గినది. గాలిమఱ తెఱచియే యున్నది. డబ్బాలోని జల్లెడ శుభ్రముగానే యున్నది. మిగిలినది గొట్టము. బయటికి నల్లగా నిగనిగలాడుచు ఏ దోషమును కనబడని ఆ గొట్టమును కత్తితో నిలువున చీల్చి చూచిరి. లోపలి పొర ఊడి, నాలుకవలె వ్రేలాడుచుండెను. మెల్లగా పోవునపుడు పెట్రోలు దాని ప్రక్కగా జాఱిపోవుచుండెను. వేగము పెంచి గట్టిగా లాగినపుడు ఆ నాలుక లేచి దారి మూసివేయుచుండెను. ఊరకుండిన మరల వాలుచుండెను. పీపాలో మోటారునకు మోయవలసిన బరువు లేదు గనుక అంత పెట్రోలును అక్కఱలేదు. అందుచేత అక్కడ రోగము బయటపడలేదు. మూడు మార్లు మార్చిన సామానులో తప్పేమియు లేదు. ఒక బారెడు గొట్టము మార్చవలసియుండెను, అంతియే.

రబ్బరు ఇట్లేల చెడినది? వయస్సు ఒక కారణము. పెట్రోలులో కలుపు ఇథనాలు అను సారాయము మఱియొకటి. మన దేశమున పెట్రోలులో నూటికి పదిపాళ్లు ఇథనాలు కలుపుట 2022లోను, ఇరువదిపాళ్లు కలుపుట 2025లోను నెఱవేఱినవి. చెఱకునుండియు ధాన్యమునుండియు తీసిన ఈ సారాయము రైతునకు మేలు చేయవచ్చును. దానితో నాకు తగవు లేదు. కాని ఇది రాక పూర్వము చేసిన మోటార్ల గొట్టములు, పొరలు, బిరడాలు దీనికి ఓర్వలేవు. ఇది గాలిలోని తేమను పీల్చుకొనును. మన తీరమున గాలియంతయు తేమయే గదా! చాలినంత నీరు చేరినపుడు నీరును సారాయమును కలిసి డబ్బా అడుగునకు దిగును. ఆ అడుగుద్రవములో మనము కలిపిన నూనె యుండదు. అది సిలిండరులోనికి పోయిన పిస్టను జిడ్డులేక గీచుకొనిపోవును. దీనికి పరీక్ష సులువు. డబ్బా అడుగునుండి కొంచెము పెట్రోలును తెల్లగాజు సీసాలో పట్టి, ఒక గంట కదల్పక యుంచుడు. రెండు పొరలుగా విడినచో దానిని మోటారునకు పోయరాదు.

వేటలేని రెండు నెలలు కార్బురేటరులో నిలిచిన పెట్రోలు ఆవిరియై జిగురు మిగుల్చును. అందులో గుండుసూది మొనయంత రంధ్రములు గల ఇత్తడి ముక్కలు, జెట్టులనునవి, కలవు. జిగురు వానిని మూసివేయును. దీనిని కనుగొనుటకు ఒక ఉపాయము. మోటారు దగ్గుచుండగా చోకు అను గాలితలుపును కొంచెము లాగి చూడుడు. దానివలన మోటారు నిమ్మళించినచో పెట్రోలు చాలక దగ్గుచున్నదన్నమాట; జెట్టు కడుగవలెను. కడుగుటకు దానికై అమ్ము ద్రావకమో, శుభ్రమైన పెట్రోలో వాడి, గాలి ఊదవలెను. తీగతో పొడువరాదు. ఇత్తడి మెత్తనిది, రంధ్రము వెడల్పైనచో మోటారు ఎప్పటికిని సరిగా నడువదు. నేను చిన్నతనమున పిన్నీసుతో పొడిచి, ఒక మంచి జెట్టును పాడుచేసి, పెద్దల చేత చీవాట్లు తింటిని.

నూనె విషయము ఒక మాట. కలుపు పాలు మోటారు చేసినవారి పుస్తకములో నెట్లున్నదో అట్లే కలుపవలెను. పెక్కు మోటార్లకు 50 లీటర్ల పెట్రోలునకు ఒక లీటరు, అనగా లీటరునకు 20 మిల్లీలీటర్లు. ఇంకను పాతవానికి దాని రెట్టింపు వలసియుండును. ఎక్కువైన ప్లగ్గు మసిబాఱును. తక్కువైన మోటారే పోవును. నూనె కూడ పడవ మోటారునకని చేసినదే, టి.సి.-డబ్ల్యు.3 అని డబ్బాపై గుఱుతున్నది, వాడవలెను. బండ్లకు పోయు నూనె కాలిన తరువాత బూడిద మిగుల్చును. మోటారుబండి ఒకప్పుడు మెల్లగాను ఒకప్పుడు వడిగాను పోవును; పడవ మోటారు గంటలకొలది ఒకే బరువు లాగును. ఆ వేడికి ఆ బూడిద పిస్టను తలపై గడ్డకట్టును.

కిరసనాయిలుతో నడచు మోటారులను వాడువారును కలరు. అవి పెట్రోలుతో బయలుదేరి, వేడెక్కిన పిమ్మట కిరసనాయిలునకు మాఱును. ఒడ్డు చేరుటకు ముందు మరల పెట్రోలునకు మార్చి, గొట్టములలోని కిరసనాయిలు అయిపోవువఱకు నడిపి, అప్పుడు ఆపవలెను. అట్లు చేయక ఆపినచో మఱునాటి తెల్లవాఱుజామున త్రాడు లాగి లాగి అలసిపోవుటయే.

ఇక నిప్పురవ్వ సంగతి. ప్లగ్గు విప్పి చూచుట నాలుకను చూచుటవంటిది. బిస్కత్తు రంగున నున్నచో ఆరోగ్యము. నల్లగా తడిగా నున్నచో పెట్రోలు వచ్చుచున్నది గాని కాలుటలేదు. రవ్వ లేదా, నూనె ఎక్కువయా యని చూడవలెను. తెల్లగా మాడి పొక్కులెక్కినచో పెట్రోలు చాలదు, వేడి మితిమీఱినది. రెండు ప్లగ్గులలో ఒకటి మాత్రము కడిగినట్లు మెఱయుచున్నచో జాగ్రత్త: ఆ సిలిండరులోనికి నీరు చొచ్చుచున్నది, ఆవిరి దానిని కడుగుచున్నది. రోగము ప్లగ్గుదా, సిలిండరుదా అను సందేహమున్నచో రెంటిని తారుమారు చేసి బిగింపుడు. తప్పు ప్లగ్గు వెంట పోయినచో ప్లగ్గుదే, పోకున్నచో కాదు. దీనికి కాసు ఖర్చులేదు.

రవ్వను కంట చూడగోరినచో ప్లగ్గును దాని తీగకు తగిలించి, ఇనుపభాగమును మోటారు ఒంటికి ఆనించి, పొడి రబ్బరు పిడిగల పట్టకారుతో పట్టుకొని, త్రాడు లాగవలెను. నీలముగా చిటచిటలాడు రవ్వ మంచిది. పసుపుపచ్చగా నీరసముగా నున్నది చాలదు. ప్లగ్గు రంధ్రమునుండి పెట్రోలు ఆవిరి చిమ్మును గనుక దానికి దూరముగా పట్టవలెను. బీడీ కాల్చువానిని ఆ ప్రక్కకు రానీయరాదు.

రవ్వ బొత్తిగా లేకున్నచో వెంటనే కాయిలు కొనవద్దు. మోటారును ఆపెడి మీట ఒకటి యుండును. దాని తీగ రవ్వను నేలపాలు చేసి మోటారును ఆపును. ఉప్పుగాలికి ఆ మీటలో పచ్చని చిలుము పట్టి, నొక్కకయే నొక్కినట్లు పనిచేయును. ఆ తీగను విడదీసి చూడుడు. రవ్వ వచ్చినచో మీట మార్చిన చాలును. అట్లు విడదీసి పరీక్షించునపుడు మోటారును చోకు లాగి ఆపవలసియుండునని ముందే ఎఱిగియుండుడు. చాల పాత మోటార్లలో పైచక్రము క్రింద రెండు చిన్న మొనలు తాకుచు విడుచు నుండును. వానిపై చిలుమును సన్నని గరుకు కాగితముతో తీసి, నడుమ ఎడమును సరిచేయవలెను. పాత అమెరికా మోటార్లలో పెక్కింటికి ఆ ఎడము అంగుళములో ఏబదవ వంతు. చల్లగా నున్నపుడు చక్కగా నడచి, వేడెక్కగానే టక్కున ఆగి, చల్లాఱిన తరువాత మరల నడచు మోటారునకు మాత్రము కాయిలు లోపల చీలికలుండునని అనుమానింపవచ్చును. మా అన్నగారి మోటారునకు దుకాణమువారు కాయిలు మార్చుట ఈ పోలికను చూచియే. కాని వారు టక్కున ఆగినదా, మూలిగి ఆగినదా యని అడుగలేదు.

నీటి విషయములో పొరపాటు పనికిరాదు. మోటారు నడచుచుండగా వెనుకనుండి సన్నని నీటిధార చిమ్ముచుండవలెను. ధార లేదన్నచో వెంటనే ఆపవలెను. "కొంచెము దూరమే గదా" అనరాదు. ముందు ఆ ధార వచ్చు రంధ్రమును చూడుడు. రెండు నెలలు పాకలో నున్న మోటారులో కందిరీగ మట్టిగూడు కట్టియుండుట క్రొత్తకాదు. ఇక్కడ మాత్రము తీగతో పొడువవచ్చును. గూడు లేకున్నచో క్రిందిభాగములోని రబ్బరు ఱెక్కల చక్రమును చూడవలెను. ఇంపెల్లరని దానిపేరు. ఇదియే నీటిని పైకి తోడునది. ఎండలోను, కదలికలేకను దాని ఱెక్కలు ఒకవైపునకు వంగి గట్టిపడును. నీరు లేకుండ మోటారును ఒక్క నిమిషము నడపినను అవి కాలి అఱిగిపోవును; కావున "పలుకునో లేదో చూతము" అని పొడినేలపై త్రాడు లాగరాదు. ఇంపెల్లరు మార్చునపుడు పాతదాని ఱెక్కలు లెక్కపెట్టుడు. ఒకటి తక్కువైనచో ఆ ముక్క పైదారిలో ఎక్కడనో ఇఱుకుకొనియున్నది. దానిని తీయక క్రొత్తది వేసిన ప్రయోజనము లేదు.

క్రింది గేరుపెట్టెలోని నూనె మఱియొక సాక్షి. పై మఱయు క్రింది మఱయు విప్పి కొంచెము కాఱనిండు. మజ్జిగవలె తెల్లగానున్నచో నీరు చొచ్చినది. మన పడవలకు దీనికి ముఖ్యకారణము వల నూలు. తెగిన నూలుపోగు పంకా వెనుక ఇరుసునకు చుట్టుకొని, వేడెక్కి, అక్కడి రబ్బరు కట్టును కోసివేయును. పంకాను విప్పి అక్కడ చేయి పెట్టుటకు ముందు ప్లగ్గుల తీగలు రెండును ఊడదీయవలెను. ఇది మఱచి వ్రేళ్లు పోగొట్టుకొనరాదు. నూనెను మరల నింపునపుడు క్రింది రంధ్రమునుండి ఎక్కించి, పై రంధ్రమున కనబడువఱకు నింపవలెను. పైనుండి పోసిన లోపల గాలి నిలుచును. ఆ సమీపముననే జింకు బిళ్ల యొకటి బిగించియుండును. ఉప్పునీరు మోటారును తినక దానిని తినును. సగము కరగినచో మార్చవలెను. అందము కొఱకు దానిపై రంగు పూయుదురు కొందఱు. రంగు పూసిన బిళ్ల కాపాడదు.

ఇన్నియు చూచిన పిమ్మటను మోటారు బాగుపడకున్నచో బిగిని కొలువవలెను. ప్లగ్గు రంధ్రములో గడియారమువంటి కొలతపరికరము బిగించి, త్రాడు అయిదాఱు మార్లు గట్టిగా లాగిన అంకె చూపును. అంకె మోటారును బట్టి మాఱును. కాని రెండు సిలిండర్ల నడుమ భేదము నూటికి పది పదునైదు పాళ్లకు మించరాదు. న్యాయముగా చూచిన ఏ మేస్త్రీయైనను మొదటనే చేయవలసిన పరీక్ష ఇది, ఏలయన బిగి పోయిన మోటారునకు ప్లగ్గులు, కాయిళ్లు మార్చుట పీనుగుకు కాటుక పెట్టుట. బిగి రెంటిలోను పోయి, సిలిండరు గోడలు గీచుకొని, పైకవచము పగిలి, సామాను దొరకదని తేలినచో అప్పుడు ఆ కుఱ్ఱవాని మాటయే సరియైనది. ముసలిదానిని వదలి క్రొత్తదానిని కొనుడని మీరే చెప్పవలెను. నడిసముద్రమున నమ్మరాని మోటారును పొదుపు పేరిట పట్టుకొని వ్రేలాడుటయు తప్పే. ఒక్క సిలిండరులో మాత్రము బిగి తగ్గినచో మసిచేత పిస్టను కట్లు అంటుకొనియుండవచ్చును. మసికరగించు ద్రావకము పోసి రాత్రంతయు నానబెట్టి మరల కొలిచిన, కొన్నిమార్లు బిగి తిరిగి వచ్చును.

మేస్త్రీయొద్దకు పంపునపుడు రెండు షరతులు పెట్టుడు. ఒకమాఱు ఒక వస్తువే మార్చవలెను. మూడు ఒక్కసారి మార్చిన ఏది కుదిర్చినదో తెలియదు, మూడింటికిని సొమ్ము పోవును. మార్చిన పాతవస్తువును తిరిగి ఇవ్వవలెను. బాగైనదా లేదా అనుట పీపాలో గాక, పడవకు బిగించి, మనుష్యులను ఎక్కించి, పాయలో ఏటికి ఎదురు నడిపి తేల్చవలెను.

ఏప్రిలులో మోటారును పాకలో పెట్టునాటి పనికి అరపూట చాలును. మంచినీళ్ల పీపాలో పది నిమిషములు నడిపి లోని ఉప్పు కడుగవలెను. పెట్రోలు గొట్టము ఊడదీసి, కార్బురేటరు ఎండి ఆగువఱకు నడపవలెను. ప్లగ్గులు విప్పి ఒక్కొక్క సిలిండరులో రెండు చెంచాల నూనె పోసి, త్రాడు మెల్లగా నాలుగు మార్లు లాగి, మరల బిగింపవలెను. గేరునూనె అప్పుడే మార్చవలెను. జూనులో మార్చుదమన్నచో లోనికి చొచ్చిన నీరు రెండు నెలలు ఉక్కును తుప్పుపట్టించును. మోటారును పడుకొనబెట్టక నిలువుగా నుంచవలెను. మిగిలిన పెట్రోలు డబ్బాలో దాచక బండికి పోసికొనుడు. నూనె కలిసినదైనచో పాతరకపు స్కూటరున్నవారికి ఇచ్చివేయుడు.

లంగరును, మొగ లోతునకు అయిదు మొదలు ఏడు రెట్లు పొడవుగల త్రాడును, రెండు తెడ్లును పడవలో నున్నవో లేవో ప్రతి తెల్లవాఱుజామున చూడుడని మీ పిల్లలకు చెప్పుడు. మా యింటి ఇద్దఱును ఆనాడు నిలిచినది ఆ త్రాటివలననే.

మా అన్నగారి మోటారు ఆ గొట్టము మార్చిన పిదప మూడు వేటకాలములు నడచినది, నేటికిని నడచుచున్నది. ఆ పాత గొట్టపు ముక్కను ఆయన పాఱవేయలేదు. పాక తలుపు వెనుక మేకుకు తగిలించియుంచిరి. మోటారు మొరాయించుచున్నదని ఎవరైన వచ్చినచో, మొదట దానిని దింపి, చీలిక విడదీసి, లోపలి నాలుకను చూపి, "మీది టక్కున ఆగిందా, మూలుగుతూ ఆగిందా?" అని అడుగుచుందురు.

సెలవు.